నాయన చెప్పిన ఏటిగట్టు పెళ్ళి

పెనుకొండ హైస్కూల్లో తెలుగు చెప్పడానికి చేరిన కొత్తల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా విసిగించిన పాఠం పూర్వకథా సూచన. పేరు పెద్దది గానీ సంగతి చిన్నదే. అందరికీ తెలిసిన పాత కథ ఒకటుంటుంది. రాసేవాడు దాన్ని మొత్తం చెప్పడు. అందులోని మనిషి పేరో, ఊరి పేరో, ఒక వస్తువో మాటవరసకు అన్నట్టు పడేసి ముందుకు పోతాడు. చదివేవాడికి ఆ ఒక్క మాటతో కథంతా గుర్తుకు రావాలి. వస్తే పది వాక్యాల పని ఒక్క మాటతో తీరిపోతుంది. రాకపోతే వాడి ఖర్మ.

ఇంతే సంగతి. ఇంత చెప్పడానికి నాకు గొంతు పోయేది. ఒకసారి నేను చెప్పిందే చెప్పి, బోర్డు మీద రాసి, మళ్ళీ చెప్పి అలిసిపోయి కూర్చుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"అయ్యవారూ, ఆ కత తెలీనోడు ఏం జేయాల?"

"తెలుసుకోవాల."

"అంత అగసాట్లు యాల సార్? ఆయప్పే నేరుగా చెప్పేస్తే పోదా?"

క్లాసంతా నవ్వింది. నేను వాణ్ణి బెంచీ ఎక్కించాల్సింది. ఎక్కించలేకపోయాను. ఎందుకంటే సరిగ్గా ఆ ప్రశ్నే మా నాయనను అడగాలని నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ నాలుక దురద పెడుతోంది.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. మా వీధి వాళ్ళకు ఒక పద్ధతుండేది. ఏ పెద్ద విషయంలోనూ అవును అనరు, కాదు అనరు. అవునంటే ఆశపడినట్టు, కాదంటే తెగతెంపులు చేసుకున్నట్టు అని వాళ్ళ లెక్క. రెండూ మర్యాద కాదు. అందుకని ఎప్పుడో మా వీధిలో ఎవరికో జరిగిన సంగతి ఒకదాని పేరెత్తి ఊరుకునేవాళ్ళు. విన్నవాడు ఆ సంగతి గుర్తు తెచ్చుకుని, దాని చివర ఏమయిందో ఆలోచించుకుని, ఓహో ఇదా జవాబు అనుకోవాలి. ఈ విద్యలో మా నాయనను మించినవాళ్ళు లేరు.

ఒకాయన రామగిరి గనుల్లో బంగారం తవ్వే పనికని పోయి, చాలాకాలానికి చేతిలో ఒక లాంతరుతో తిరిగొచ్చాడట. తెచ్చుకున్నది అదొక్కటే. అప్పటి నుంచి ఎవరైనా గొప్పకు పోయి బోర్లాపడితే మా వీధిలో దాని పేరు రామగిరి లాంతరు. ఓబులదేవరచెరువులో అమ్మేసిన ఎద్దు తాడు తెంపుకుని మళ్ళీ పాత యజమాని వాకిట్లోకే వచ్చి నిలబడిందట. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల తిరిగి అత్తగారింటికి పోకుండా కాలం గడుపుతుంటే అది ఓబులదేవరచెరువు ఎద్దు. ఆమడగూరు పక్కన మబ్బు పట్టి, ఉరిమి, మెరిసి, మా వాళ్ళంతా ఆరబోసిన వేరుశనక్కాయలు లోపలికి మోసుకున్నాక చుక్క కూడా రాల్లేదట. అది ఆమడగూరు వాన.

ఇవన్నీ ఇప్పుడు వింటే ముచ్చటగా ఉంటాయి. ఆ ఇంట్లో పుట్టి పెరిగితే తెలుస్తుంది.

"నాయనా, తిరునాళ్ళకు పోదామా?" అని అడిగేవాణ్ణి.

"ఆమడగూరు వాన" అనేవాడు, తలెత్తకుండా.

పోతామనా, పోమనా? నేను అవ్వ దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె కథను మొదటి నుంచి ఎత్తుకునేది. ఆ యేడు కాయలు ఎట్లా పండాయి, ఎవరు ముందుగా మబ్బు చూశారు, ఎవరి గంప జారి కాయలు వీధంతా దొర్లాయి, ఏరడానికి ఎవరు రాలేదు. ఆమె మబ్బు దాకా వచ్చేసరికి నా తోటి పిల్లలు తిరునాళ్ళకు పోయి మరమరాలు తింటూ తిరిగి వచ్చేవాళ్ళు. పోమురా అని ఒక్క ముక్క అనడానికి ఆ మనిషికి ఏం పోయేకాలం అని నేను గోడకేసి తల కొట్టుకునేవాణ్ణి.

చదువుకుని, ఉద్యోగం వచ్చి, పెనుకొండలో గది తీసుకున్నాక కొంత ఊపిరాడింది. శనివారం రైలెక్కి ధర్మవరం పోవడం, ఆదివారం సాయంత్రం తిరిగి రావడం. వారానికి ఒకటిన్నర రోజు మాత్రమే ఆ డొంకతిరుగుడు భరిస్తే చాలు. అంతమాత్రం భరించవచ్చు అనుకున్నాను.

నేను ఇల్లు వదిలాక అసలు చిక్కు మగ్గం దగ్గర వచ్చింది. మా వీధిలో ఆడవాళ్ళు పట్టు తోడతారు, కండెలు చుడతారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసేది మాత్రం మగవాళ్ళే. నాయనకు అప్పటికే నడుము పట్టేసేది. కాసేపు నేసి, కాసేపు గోడకు చేరగిలబడి ఉండేవాడు. ఒక మధ్యాహ్నం ఆయన అన్నానికి లేచి తిరిగి వచ్చేసరికి మా చెల్లెలు మగ్గం మీద కూర్చుని నేస్తోంది. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. చెల్లెల్ని పెంచింది అవ్వే. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. చూసి నేర్చుకుంది. నాయన వంగి, నేసినంత మేర వేలితో తడిమి చూసి, ఏమీ అనకుండా పోయి అరుగు మీద కూర్చున్నాడట.

"పెండ్లయ్యేదాకా కూచోనీలేరా" అందట అవ్వ. నాయన దానికీ ఏమీ అనలేదు. అంతటితో అది ఒప్పుదల అయిపోయింది.

చెల్లెలు నేసిన గుడ్డ చూసి నాకు ఒళ్ళు మండిన మాట నిజం. నేను ఏళ్ళ తరబడి అదే గుంటలో కూర్చుని తిట్లు తిన్నా రాని పని అది. ఆ పిల్లకు ఊరికే వచ్చేసింది. దానికి మగ్గమంటే ప్రాణం. అన్నం తినమని పిలిస్తే ఇంకొంచెం, ఇంకొంచెం అని గుంటలోంచి లేచేది కాదు. నేను శనివారం ఇంటికి పోతే వీధి చివరకే మగ్గం చప్పుడు వినిపించేది. నడుము నొప్పితో నేసేవాడి చప్పుడు కాదది. ఏ అడ్డూ లేకుండా ఒకే తీరుగా పోతుండేది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన తర్వాత హిందూపురం నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళదీ మగ్గాల ఇల్లే. పిల్లవాడి తండ్రి పెద్దమనిషి, నెమ్మదస్తుడు. తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడతాడు. వాళ్ళు వచ్చేసరికి చెల్లెలికి గుంటలోంచి లేచే సందు దొరకలేదు. అవ్వ గాభరా పడి, ఏదో తమాషాకు కూర్చుందని సర్దబోయింది. ఆ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీమ్మా. మా ఇంట్లో మా ఆడోళ్ళు నేస్తారు. ఈ పిల్ల ఆడికొచ్చినా నేసుకోవచ్చు."

భోజనాలయ్యాక నేను పెరట్లో చేతులు కడుక్కుంటుంటే చెల్లెలు చెంబు పట్టుకుని వచ్చింది. అది మా ఇంట్లో పుట్టిన మనిషే గానీ, దేవుడి దయవల్ల నాతో తిన్నగానే మాట్లాడేది.

"అన్నా, ఇది కుదరాల."

"పిల్లోడు నచ్చినాడా?"

"సరిగ్గా చూళ్ళేదు. మగ్గం మీద కూచోనిస్తారంట గదా. వేరే యాడికి పోయినా కూచోనీరు. నాకు తెలుసు."

నేను వచ్చి కూర్చున్నాను. తాంబూలం పళ్ళెం మధ్యలో ఉంది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల మాకు నచ్చింది. మావోనికీ నచ్చింది. మీరేమంటారప్పా?"

అందరూ నాయన వైపు చూశారు. నాయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఆయనకు ఆ సంబంధం అంత ఇష్టమైందని నాకు అర్థమైంది. సరే అనెయ్యి, ఒక్కసారి సరే అనెయ్యి అని నేను లోపల జపం చేస్తున్నాను.

"మాదేముండాదప్పా" అన్నాడు నాయన. "ఏటిగట్టు పెండ్లి అనుకోండి."

మా అవ్వ తృప్తిగా తలూపింది. నాకూ గుండె కుదుటపడింది, ఎందుకంటే ఆ కథ నాకు తెలుసు. పూర్వం మా వీధి నుంచి మగపెళ్ళివారు చిత్రావతి అవతలికి తరలిపోయారు. గట్టు చేరేసరికి ఏరు పొంగింది. ముహూర్తం దాటిపోయింది. అయినా ఎవరూ వెనక్కి తిరగలేదు. మూడు రాళ్ళు పెట్టి గట్టు మీదే వండుకు తిన్నారు. అవతలి గట్టున ఆడపిల్లవారూ అట్లాగే కాచుకున్నారు. నీళ్ళు తగ్గాక దాటిపోయి తాళి కట్టించి వచ్చారు. అంటే ఏమొచ్చినా, ఎంత ఆలస్యమైనా ఇచ్చిన మాట మీద నిలబడతామని అర్థం. మా వీధిలో అంతకంటే గట్టి ఒప్పుదల లేదు. నాయన జీవితంలో ఆ మాటను ఎన్నిసార్లు వాడి ఉంటాడో గానీ, నేను విన్నది అదే మొదలు.

పెద్దాయన పళ్ళెం వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అట్లనా?"

"అంతేనప్పా."

"సరే. మీ మాట మీది. మేమేమీ అనుకోము."

మజ్జిగ తాగి, మర్యాదగా చెప్పి వెళ్ళిపోయారు. తాంబూలాలు అప్పటికప్పుడు పుచ్చుకోకపోవడం నాకు కొంచెం వెలితిగా అనిపించింది. నాయనను అడిగితే, మంచిరోజు చూసుకుని వాళ్ళే తెస్తారని అవ్వ చేత చెప్పించాడు.

వాళ్ళు రాలేదు. వానలు పోయాయి, చలి వచ్చింది. చెల్లెలు తన పెళ్ళిచీర తనే మొదలుపెట్టింది. చిలకపచ్చ చీర, వంకాయ రంగు అంచు. ఆ రోజుల్లో మంచి జరీ దొరకడం గగనం. నాయన ఎవరెవరినో పట్టుకుని, బతిమాలి సంపాదించి తెచ్చాడు. నేను పోయిన ప్రతి శనివారమూ ఆ చీర కాస్త పెరిగి ఉండేది. హిందూపురం నుంచి మాత్రం ఒక్క కబురూ లేదు.

"నాయనా, ఒక మనిషిని పంపిద్దామా?"

"యాల? గట్టు మీద కూచున్నోడు అవతలోన్ని తొందర పెడతాడా?"

"నేను పోయి అడిగొస్తా. పెనుకొండ నుంచి ఎంత దూరం, రైలెక్కితే హిందూపురం."

"వండుకొని తింటాండు. నీళ్ళు తగ్గుతాయి."

ఏం వండుకుని తినాలి? ఏ నీళ్ళు? అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా పెద్దవాడు, ఆయన కూతురి పెళ్ళి, ఆయన పద్ధతి. ఆడపిల్లవారు వెంటపడి అడగడం లోకువ అని అవ్వ కూడా నా నోరు మూయించేది. చెల్లెలు చీర నేసేది.

పంటలు ఇళ్ళకు చేరే రోజుల్లో ఒక ఉదయం నేను ధర్మవరం పోదామని పెనుకొండ స్టేషన్లో నిలబడి ఉంటే, ప్లాట్‌ఫారం మీద ఆ హిందూపురం పెద్దాయన కనిపించాడు. భుజం మీద కొత్త సంచి, సంచిలోంచి తమలపాకుల కట్ట, టెంకాయలు బయటికి కనబడుతున్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూశావా, నాయన మాటే నిజం, వచ్చారు అనుకుంటూ పోయి సంచి అందుకోబోయాను.

"ఇట్లివ్వండి పెద్దాయనా. మా ఇంటికేనా? నేనూ ఆడికే పోతాండా."

ఆయన సంచి వదల్లేదు. నా ముఖంలోకి వింతగా చూశాడు.

"మీ ఇంటికి ఏ మొగం పెట్టుకోని వస్తామప్పా? మీరు వద్దన్యాక."

"ఎవరన్యారు వద్దని?"

"మీ నాయనే గదా. ఏటిగట్టు పెండ్లి అనలేదా? నువ్వూ ఆడనే కూచోనుంటివి."

"ఏటిగట్టు పెండ్లంటే కాచుకుంటామని. ఎంతకాలమైనా కాచుకుంటామని."

పెద్దాయన సంచి కింద పెట్టాడు. తలపాగా తీసి, మళ్ళీ చుట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు వాళ్ళ పక్క కథ. ఏరు పొంగింది, నిజమే. మగపెళ్ళివారు ఇవతలి గట్టున నిలబడ్డారు, అదీ నిజమే. కానీ ఆడపిల్లవారు ముహూర్తం దాటిపోతుంటే చూస్తూ కూర్చోలేదు. అవతలి గట్టున తమ దగ్గరే ఉన్న మేనబావ చేత తాళి కట్టించేశారు. ఇవతలివాళ్ళు తడిబట్టలతో వెనక్కి మళ్ళారు. తప్పు ఎవరిదీ కాదు, ఏటిది. హిందూపురం పక్కన ఎవరైనా సంబంధం ఇష్టం లేక, ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా తప్పుకోవాలంటే ఆ మాటే అంటారట.

"అంత మర్యాదగా వద్దంటే నేను మల్ల ఎట్ల అడిగేదప్పా? అడిగితే నా తలకాయ యాడ పెట్టుకునేది?"

"ఇప్పుడు అడగండి. ఇప్పుడే రండి నాతో. మా చెల్లెలు చీర గూడా నేసుకుంటాండాది."

ఆయన తమలపాకుల కట్ట మీద చెయ్యి వేశాడు.

"నిన్ననే ఈడ పెనుకొండలో తాంబూలాలు పుచ్చుకుంటిమి. ఆ పిల్లకూ ఒక నాయనుండాడు గదా."

హిందూపురం బండి వచ్చింది. ఎక్కేముందు ఆయన వెనక్కి తిరిగి, "మగ్గం మీద ఆ పిల్ల చెయ్యి చూసినాను. బాధగానే ఉండాది నాకూ" అన్నాడు. మంచివాడు. అదే నాకు ఇంకా మంట. చెడ్డవాడైతే తిట్టుకోవడానికన్నా ఉండేది.

నా బండి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని ఉడికిపోయాను. ఈ పెద్దాయనకు ఆ మాట విన్నప్పుడు సందేహం రాలేదా? రాదు. తెలియని కథైతే మనిషి కనీసం తెల్లముఖం వేస్తాడు, ఎదుటివాడు పోనీలే అని విడమరిచి చెబుతాడు. తెలిసిన కథ వింటే ఇక అడిగేదేముంది? ఇద్దరికీ తెలుసు. ఇద్దరికీ బ్రహ్మాండంగా తెలుసు. ఒకే ఏరు, ఒకే వరద, ఒకే పెళ్ళివారు. చివర మాత్రం ఎవరి గట్టు మీద వాళ్ళకు నచ్చినట్టు తేలింది. నేను పిల్లలకు చెప్పే పాఠంలో ఇది ఎక్కడా లేదు. అందరికీ తెలిసిన కథ అని మొదటి వాక్యంలోనే రాసిపెట్టారు. ఆ అందరూ ఎవరో, వాళ్ళు ఆ కథను ఎవరి నోట విన్నారో ఒక్కరన్నా అడగాలి కదా. ఆ తర్వాత నేను ఆ పాఠం చెప్పినప్పుడల్లా ముందు పిల్లల్నే లేపి, కథ మీ ఇంట్లో ఎట్లా చెప్పుకుంటారో చెప్పమని అడిగేవాణ్ణి. పరీక్షకు పనికిరాని ఈ గొడవ ఎందుకని హెడ్మాస్టరు ఒకసారి విసుక్కున్నాడు.

ఇంటికి పోయేసరికి నాయన అరుగు మీద ఉన్నాడు. లోపల మగ్గం నడుస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. తువ్వాలు అంచు నలిపాడు. పెదవులు కదిలాయి. ఇప్పుడన్నా ఒక మాట అంటాడని చూశాను.

"రామగిరి లాంతరైపాయ గదరా" అన్నాడు.

"లాంతరూ లేదు, ఎద్దూ లేదు నాయనా. చెల్లెలి సంబంధం పోయింది. నువ్వు సరే అని ఒక్క మాట అనలేక పోగొడితివి. ఇప్పుడన్నా మనిషి మాదిరి మాట్లాడు" అని అరిచాను. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

అవ్వ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆమెకు హిందూపురం పక్క కథ చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఔ, ఆ పక్కోళ్ళు అట్ల చెప్పుకుంటారు."

"నీకు తెలుసా?"

"తెలీకేమిరా. మా చిన్నత్తది ఆ పక్కే."

"మరి ఆ పొద్దు యాల చెప్పలేదు?"

"నన్నెవరు అడిగినారు?"

నేను గుమ్మానికి ఆనుకుని కూలబడ్డాను. ఇట్లాంటి ఇంట్లో పుట్టడానికి నేను పోయిన జన్మలో ఏం పాపం చేశానో. ఎప్పుడు ఆగిందో తెలియదు, మగ్గం చప్పుడు ఆగిపోయి ఉంది. చెల్లెలు గుంటలో కూర్చునే నా వైపు చూస్తోంది.

"కుదర్లేదా అన్నా?"

"లేదు."

ఇంకేమీ అడగలేదు. మళ్ళీ నేయడం మొదలుపెట్టింది. పెళ్ళిచీర పూర్తయ్యాక తనే మగ్గం మీద నుంచి కోసి, మడిచి, మిగతా చీరలతో కలిపి సావుకారు అంగడికి పంపించేసింది. నాయన అడ్డుపడబోయి ఆగిపోయాడట. అవ్వ ఈ సంగతి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆ చిలకపచ్చ చీర ఏ ఊరి పెళ్ళిలో ఎవరు కట్టుకున్నారో.

ఏడాది తిరక్కుండానే ధర్మవరంలోనే ఇంకో సంబంధం వచ్చింది. బట్టల అంగడి వాళ్ళు, కలిగినవాళ్ళు. పిల్లకు హిందూపురం సంబంధం తప్పిపోయిందని వీధిలో గుసగుసలు మొదలై ఉన్నాయి కాబట్టి ఇది వదులుకోకూడదని అవ్వ పట్టు. నేను సెలవు పెట్టి వచ్చాను. ఈసారి నాయన నోరు తెరవకముందే నేను సరే అనేస్తానని ముందే అవ్వతో చెప్పి పెట్టుకున్నాను. కానీ వాళ్ళ పెద్దాయన మాటల్లో మాటగా మగ్గం వైపు చూసి నవ్వాడు.

"మా ఇంట్లో ఆడోళ్ళకు ఈ అవస్తలు లేవప్పా. వండుకోని, తిని, నీడన కూచుంటే చాలు."

ఆ మాట విన్నాక నేను సరే అనలేదు. లోపలి గదిలో చెల్లెలు వింటోందని నాకు తెలుసు.

"ఏమంటారప్పా మరి?" అన్నాడు పెద్దాయన.

నాయన తువ్వాలు తీసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు. వచ్చింది ముప్పు అనుకున్నాను. ఇప్పుడు ఏ ఎద్దు వస్తుందో, ఏ వాన వస్తుందో, ఈ అంగడివాళ్ళు దాన్ని ఎట్లా అర్థం చేసుకుంటారో.

"మాదేముండాది..." అని నాయన మొదలుపెట్టాడో లేదో, లోపలి నుంచి చెల్లెలు వచ్చి గుమ్మంలో నిలబడింది. పెళ్ళిచూపుల్లో పిల్ల తనంతట తాను వచ్చి నిలబడటం మా వీధిలో ఎవరూ ఎరగరు.

"నన్ను మగ్గం మీద కూచోనిస్తారా?"

పెద్దాయన చెల్లెలి వైపు చూడలేదు. నాయనతోనే అన్నాడు. "పిల్ల తమాసా జేస్తాండాది."

"తమాసా కాదు. కూచోనిస్తే వస్తా. లేదంటే రాను."

అవ్వ నెత్తిన చేతులు పెట్టుకుంది. వాళ్ళు మజ్జిగ కూడా ముట్టకుండా లేచారు. చెప్పులు వేసుకుంటూ వాళ్ళలో ఒకామె, తల్లి లేని పిల్ల అంటే ఇట్లనే ఉంటాది అని అందరికీ వినబడేటట్టే అంది. వాళ్ళు వీధి మలుపు తిరిగారు. అవ్వ, ఇక దీనికి సంబంధం ఎవరు తెస్తార్రా అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నిజమే, ఎవరు తెస్తారు? సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. ఇప్పుడు ఈ మనిషి ఏ కథ ఎత్తుతాడా అని నాయన వైపు చూశాను. ఏది ఎత్తినా ఈసారి ఊరుకునేది లేదని పళ్ళు బిగబట్టుకున్నాను.

చెల్లెలు పోయి మగ్గం మీద కూర్చుంది గానీ నేయడం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిట్లకు సిద్ధమైనట్టు తల వంచుకుని ఉంది. నాయన లేచాడు. నడుము పట్టుకుంటూ పోయి, మగ్గం గుంట అంచున దాని పక్కనే కూర్చున్నాడు. అక్కడ కూర్చోవడం ఆయనకు కష్టం. ఒక చెయ్యి నేల మీద ఆనించుకుంటే గానీ నిలవలేకపోయాడు.

"తప్పు నాదమ్మా" అన్నాడు. "హిందూపురం సంబంధం నా మాటతోనే చెడింది. నీకు పెండ్లయినా సరే, కాకున్నా సరే, ఈ మగ్గం నీది. నిన్ను దీని మింద నుంచి లెమ్మని ఎవర్నీ అననీను."

చెల్లెలు తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత అవ్వ వైపు, నా వైపు చూసింది. నుదురు ముడిపడింది. పాపం, పుట్టినప్పటి నుంచీ విన్నవన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కుంటోంది.

"ఇది ఏ కతలోది నాయనా?"

"కత కాదమ్మా" అన్నాడు నాయన.